కప్పు కింది కట్టె

పోశం కర్రతో గని కప్పును తట్టి చెవి ఒగ్గాడు. ఖంగుమంది. కాస్త జరిగి మళ్ళీ తట్టాడు. ఈసారి బోలుగా పలికింది. అక్కడ బండ వదులైందన్నమాట. దుంగ నిలబెట్టి, పైన చెక్కముక్క దోపి, సుత్తితో బిగించాడు. గని తెరిచినప్పటినుంచీ ఈ టింబరు పనే అతనిది. కప్పు కదలకూడదు.

షిఫ్టు దిగి స్నానం చేసినా కనురెప్పల అంచున నల్లటి గీత పోలేదు. చాప పరిచి గిటారును ఒళ్ళోకి తీసుకున్నాడు. అది పక్క క్వార్టరు గులాం అలీది. బెల్లంపల్లిలో పనిచేసిన దొర ఒకడు దేశం విడిచిపోతూ ఇచ్చిన పాత వస్తువు. గని దీపాల గదిలో డ్యూటీ దిగి వచ్చి అలీ వాయిస్తుంటే, గోడకివతల పోశం అన్నం కలుపుతూ ఆగిపోయేవాడు. తర్వాత అలీ ఛాతీ చెడింది. ఇల్లు కారి గిటారూ చెడింది. పైచెక్క కుంగి, లోపలి బద్దలు ఊడాయి.

“ఒక్కపారి వాయిస్త, పోశం. మా సర్వరీ ఇనాలె. గంతే,” అని ఆమధ్య అలీ మంచం మీదినుంచి అడిగాడు.

పోశం తనకు తెలిసినట్టే చేశాడు. కుంగిన చెక్క కింద వేలంత కట్టె నిలబెట్టి, కొసన చెక్కముక్క దోపి బిగించాడు. చెక్క లేచింది. అలీ తీగ మీటితే మాత్రం డొక్కు డబ్బాలా టక్కుమంది.

అలీ దగ్గుతూనే నవ్వాడు. “అరే, దీనికి సుత టింబరు కొట్టినవా! గిది గని గాదు భాయ్. గిక్కడ కప్పు ఒణకాలె.”

“ఒణికితె కూలుతది గద అన్నా?”

“కూలది. ఒణికితెనే పాట.”

“నీ పాట పాడుగాను! ముందుగాల జెప్పొద్దా?”

కట్టె తీసేశాడు. సరేసు కాచి పలుచని బద్దలు అతికించాడు. అవి ఆరేదాకా రోజూ గోడకవతలి దగ్గు వింటూ పడుకున్నాడు. ఇవాళ తీగలు బిగిస్తున్నాడు. చెక్క కిర్రుమన్నప్పుడల్లా, గనిలోలాగే, అతని మెడ భుజాల్లోకి ముడుచుకుపోయింది.

సన్నతీగ మీటాడు. మోత చెక్కంతా పాకి అతని రొమ్ముకు తగిలింది. కప్పు వణికింది. కూలలేదు.

గోడకవతల దగ్గు ఆగింది.

వింటున్నాడనుకున్నాడు పోశం. “అలీ అన్నా, పలికిందే!” అని కేకేశాడు. మరో తీగ మీటాడు. ఇంకొకటి. దగ్గు రాలేదు.

గిటారు పట్టుకుని లేచేసరికి గడపలో అలీ భార్య సర్వరీ బేగం. ఎన్నేళ్ళ ఇరుగుపొరుగైనా తెర దాటి రాని మనిషి. కొంగు తలమీద లేదు.

“ఇంకొక్కపారి కొట్టు, భయ్యా. దగ్గరికొచ్చి కొట్టు. కండ్లు తెరుస్తడేమో.”

పోశం వెళ్ళి మంచం పక్కన కూర్చుని తీగలన్నీ కలిపి మీటాడు. వాయించడం అతనికి రాదు. మోత సన్నగిల్లి ఆగేదాకా ఆమె అలీ వేళ్ళనే చూసింది. అవి కదలలేదు.

ఇవతలి ఇంట్లో, గూట్లో, ఆనాడు గిటారులోంచి తీసేసిన వేలంత కట్టె. దాని కొసన చెక్కముక్క ఇంకా బిగిసే ఉంది.