యంత్రం లేని ఇల్లు

"మీరెంత అదృష్టవంతులండీ!" అంది ఆ అతిథి, దుప్పటి పిండుతున్న నా చేతుల వైపు చూస్తూ.

తడిసిన దుప్పటి ఎంత బరువుంటుందో ఆవిడకి తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు, రెండు రోజులుండి పోయే మనిషి. పొద్దున్నే కాఫీ కప్పుతో పెరట్లోకి వచ్చి అరుగు మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. "మా ఇంట్లో మీట నొక్కితే బట్టలు అవే ఉతుక్కుంటాయి. అందులో ప్రాణమేముంది చెప్పండి? ఇక్కడ చూడండి, ఎంత నిదానం, ఎంత ప్రశాంతత!" అంది. నేను నవ్వాను. మా ఇంట్లో నవ్వడం కూడా పనిలో భాగమే. కుడి బొటనవేలి మొదట్లో పుట్టిన నొప్పి మోచేతి దాకా పాకుతోంది. ఇంకా పదకొండు దుప్పట్లున్నాయి.

మాది అతిథులు దిగే ఇల్లు. మూడేళ్ళ క్రితం దాకా అందరి ఇళ్ళలాంటి ఇల్లే. మా ఆయన బీమా ఆఫీసులో పనిచేసేవారు. నగరాల్లో ఉన్నవాళ్ళకి పాతకాలం మీద మోజు పుట్టిందని ఎక్కడో విని, ఉద్యోగం వదిలేసి, గేటుకి బోర్డు తగిలించారు: 'ఈ ఇంట్లో యంత్రం లేదు.' అటక మీది సామానంతా కిందికి దిగింది. తిరగలి, బొగ్గుల ఇస్త్రీపెట్టె, నీళ్ళు కాచే రాగి కాగు, అరడజను లాంతర్లు. మిక్సీ, వాషింగ్ మెషీన్, ఫ్రిజ్ గేటు దాటి వెళ్ళిపోయాయి. ఆయన కారూ ఫోనూ మాత్రం ఏ బోర్డుకీ అందలేదు. అబద్ధమెందుకు, మొదట్లో నాకూ నచ్చింది. సున్నం వేసిన గోడల మీద లాంతరు వెలుగు పడితే ఇల్లు ఊపిరి తీసుకుంటున్నట్టుండేది. ఆ వెలుగు చూసేవాళ్ళు వేరు, పొద్దున్నే మసి పట్టిన గాజులు తుడిచేవాళ్ళు వేరు అని నెల తిరక్కుండానే తెలిసింది. దూరపు కొండలు నునుపంటారు. నా కాపురం ఆ కొండ మీదే.

నాకూ ఒక ఉద్యోగం ఉండేది. ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో పద్నాలుగేళ్ళు పనిచేశాను. పెన్సిలుతో, స్కేలుతో, చేత్తో గీసేదాన్ని. ఎక్కడ తలుపు పెడితే వంటింట్లోకి గాలొస్తుందో కాయితం చూసి చెప్పేదాన్ని. "ఇంకా చేత్తో గీసేదెవరు? అన్నీ కంప్యూటర్లోనే. నీ పని పాతబడిపోయింది, మానెయ్" అన్నారు ఆయన. మానేశాను. చేత్తో గీస్తే పాతబడిపోవడమట, చేత్తో విసిరితే అందమట. ఈ తేడా ఎవరు పెట్టారని అడుగుదామనుకున్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ, మా ఇంట్లో చెప్పేవాడికి చేసేది లోకువ.

కిందటి నెల చేతిలోంచి గిన్నె జారిపోయింది. మర్నాడు దువ్వెన జారిపోయింది. పన్నెండేళ్ళ మా అమ్మాయి, గలగలా వాగుతుందని అందరూ పిచ్చుక అంటారు, అదే నన్ను లాక్కెళ్ళినంత పనిచేసి ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

"ఈ చేత్తో ఏం పనిచేస్తారమ్మా?" అంది డాక్టరమ్మ.

"ఏమీ చేయనండీ. ఇంట్లోనే ఉంటాను." అలవాటుగా వచ్చేసింది నోటికి.

ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఇంట్లో ఏం చేస్తారో అది చెప్పండి" అంది. చెప్పాను. పిండి విసరడం, దుప్పట్లు ఉతికి పిండడం, కాగు తోమడం, ఇస్త్రీపెట్టె, నీళ్ళు. చెబుతుంటే నాకే ఎవరి కథో విన్నట్టుంది. ఆవిడ నా బొటనవేలిని మడవబోయింది, అది మడతపడలేదు. ఆపరేషన్ చేయాలంది. తర్వాత ఆరు నెలలు పిండడం, తిప్పడం, బరువెత్తడం ఏవీ కూడదంది. "ఇలాగే వదిలేస్తే ఆ వేలు ఇక పట్టు పట్టదు. పెన్సిలు కూడా నిలవదు" అంది. పెన్సిలు మాట ఆవిడకెలా తెలుసో! నాకు అక్కడే ఏడుపొచ్చింది. వచ్చే నెల పదో తారీకు రాసిచ్చింది.

"ఇప్పుడా? గదులన్నీ నిండే రోజులు కదే!" అన్నారు ఆయన. "మా నాయనమ్మ ఎనభై ఏళ్ళొచ్చేదాకా విసిరింది. ఆవిడకి ఇవన్నీ వచ్చాయా?" వచ్చాయో లేదో ఆవిణ్ణి అడిగినవాళ్ళెవరు? పోనీ ఒక పనిమనిషిని పెడదామన్నాను. "అతిథులొచ్చేది ఇంటి ఇల్లాలు చేసే పని చూడ్డానికి. జీతానికి చేసేవాళ్ళు వాళ్ళ ఇళ్ళల్లో లేరా?" అన్నారు. నాలుగు రోజులు మాట్లాడకుండా ఉన్నాక దిగొచ్చారు. కట్టెల కొట్టులో చిన్న వాషింగ్ మెషీన్ ఒకటి పెట్టించారు. దాని మీద గోనెపట్టా. అతిథులు వాహ్యాళికి పోయినప్పుడే తిప్పాలి, వాళ్ళు గేట్లో అడుగుపెట్టే వేళకి ఆపెయ్యాలి. దొంగసారా కాచేవాళ్ళు కూడా నాకంటే ధైర్యంగా ఉండి ఉంటారు.

తొమ్మిది రోజులు గడిచాయి. పదో రోజు ఒక పెద్దమనిషి గొడుగు మర్చిపోయి వెనక్కొచ్చాడు. కొట్టులోంచి గరగరమని చప్పుడు వినపడితే తలుపు తీశాడు. నేను గోనెపట్టా పట్టుకుని నిలబడిపోయాను. ఆయన నన్నేమీ అనలేదు, మర్యాదస్థుడు. ఇంటికి పోయి లోకమంతా చదివేలా రాశాడు, 'అంతా నాటకం' అని. రెండు బృందాలు రావడం మానుకున్నాయి. మా ఆయన అరవలేదు. అరిస్తే బావుండును, తిరిగి అరిచే వీలుండేది. "నీ మూలంగా ఇంటి పరువు పోయింది" అని మెల్లగా ఒక్క మాట అన్నారు. సాయంత్రానికి మెషీన్ ట్రాలీ ఎక్కింది. మర్నాడు దుప్పట్లు పిండుతుంటే వేళ్ళు బిగుసుకుపోయి, ఎడమ చేత్తో విప్పాల్సి వచ్చింది.

మా అత్తయ్యకీ ఇక్కడ ఒక ఉద్యోగం ఉంది. సాయంత్రం వరండాలో పడక్కుర్చీలో కూర్చుని పాతరోజుల కబుర్లు చెప్పాలి. ఏం చెప్పాలో కొడుకు రాసిచ్చాడు. 'ఆ రోజుల్లో కష్టమంటే తెలియదు, చేసే పనిలోనే పాట ఉండేది.' అత్తయ్య పాడగా నేనెప్పుడూ వినలేదు. పొద్దున నన్ను అదృష్టవంతురాలన్న అతిథే ఆ రాత్రి అడిగింది, "మామ్మగారూ, ఈ ఇంట్లో మీకు అన్నిటికంటే సంతోషమైన రోజేది?" అని. మా ఆయన రాసిచ్చిన ప్రకారం మా పెళ్ళిరోజు అని చెప్పాలి. అత్తయ్య పడక్కుర్చీలోంచి ముందుకి వంగింది.

"తిరగలి పగిలిన రోజు" అంది.

అందరూ ఫక్కున నవ్వారు.

"దానంతటది పగల్లేదు. నేనే గునపంతో పగలగొట్టా. మర్నాటికల్లా మా ఆయన ఇంకోటి తెచ్చాడు. అదిగో, ఆ మూలనున్నది అదే."

నవ్వులు ఇంకా పెరిగాయి, ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు. అందరికంటే గట్టిగా నవ్వింది మా ఆయనే. తెల్లారేసరికి తిరగలి పక్కన అట్టముక్క వెలిసింది: 'మామ్మ పగలగొట్టిన తిరగలికి చెల్లెలు.' అతిథులు దాన్ని రెండు చుట్లు తిప్పి, ఫోటో దిగి, చేతులు దులుపుకుని పోతున్నారు.

అత్తయ్య వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చుంది. "నిజం చెప్పానే అమ్మాయ్. ఈ ఇంట్లో అడుగుపెట్టాక మొదటిసారి నిజం చెప్పా. ముద్దుగా ఉందంటున్నారు. ఇంకే నోటితో చెప్పను?" అంది. ఇన్నేళ్ళూ ఆవిడంటే నాకు కోపం. నా చేతికింత పనిచ్చిన మనిషి ఆవిడేననుకునేదాన్ని. పక్కన కూర్చుని ఆవిడ చేతులు చూశాను. రెండు బొటనవేళ్ళూ లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. ఒకే ఇంట్లో పదిహేడేళ్ళుండి ఆ వేళ్ళని నేనూ చూడలేదు.

ఆపరేషన్‌కి ఇంకా వారముందనగా మా ఆయన భోజనాల దగ్గర హుషారుగా కనిపించారు.

"నీ చెయ్యి సంగతి ఆలోచించా. పదో తారీకునే చేయించేసుకో. ఆరు నెలలు ఒక్క పని కూడా ముట్టుకోవద్దు" అన్నారు.

నిజం చెప్పాలంటే, నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈ మనిషి గురించి ఎన్ని అనుకున్నానో అనిపించింది. ఆ క్షణాన ఆయన మీద ప్రేమ కూడా పుట్టుకొచ్చింది.

"మరి పనులో?"

"పిచ్చుక లేదూ? దానికి సెలవులేగా. బడి తెరిచాక పొద్దున్నో గంట, సాయంత్రమో గంట. నిన్న చూడలేదూ, సరదాగా తిరగలి దగ్గర కూర్చుంటే ఆ నలుగురూ ఎంత ముచ్చటపడ్డారో! మామ్మ, అమ్మ, మనవరాలు. మూడు తరాలు! బోర్డు మార్చేద్దాం."

కిటికీలోంచి చూశాను. పిచ్చుక అప్పటికే తిరగలి ముందు కూర్చుని ఉంది. గుప్పెడు గింజలు పోసి తిప్పుతోంది. వేలికి సిరా మరక. "అమ్మా, చూడు! ఎంత తేలిగ్గా తిరుగుతోందో!" అని అరిచింది. చుట్టూ అతిథులు. ఒకాయన అది నవ్వే క్షణం కోసం ఫోన్ ఎత్తి పట్టుకుని ఉన్నాడు. "ఇంకొంచెం వంగమ్మా" అంటున్నాడు. అది వంగింది.

"నా చెయ్యి తగ్గిపోయిందండీ" అన్నాను.

"అదేంటి? మొన్నేగా ముద్ద కూడా కలపలేనన్నావ్?"

"తగ్గింది. నేనే చేసుకుంటాను. దాన్ని లేవమనండి."

ఆయన నమ్మేశారు. వేలు వంచి చూపించమని కూడా అడగలేదు. "నేను చెప్పలా, పని చేసే చేతికి పనే మందని!" అంటూ పళ్ళెంలోనే చెయ్యి కడుక్కుని లేచారు.

నేను వెళ్ళి పిచ్చుకని లేపి, దాని చోట్లో కూర్చున్నాను. కాస్త పిండి పడేదాకా ఎడమ చేత్తో తిప్పాను. అతిథులు చెదిరిపోయాక పెరటి వైపు పోయి ఆసుపత్రికి ఫోన్ చేశాను. పదో తారీకున రావడంలేదని, ఆ తారీకు ఇంకెవరికైనా ఇచ్చేయమని చెప్పాను.

"ఎందుకమ్మా? ఇంకో తేదీ ఇమ్మంటారా?" అంది నర్సు.

"వద్దమ్మా" అన్నాను. "మా ఇంట్లో ఇంకో జత చేతులున్నాయని మావాళ్ళకి తెలిసిపోయింది."