పెద్ద మిషన్‌లో నిత్యదశమి

ఆటోనగర్లో లారీలకు బీమా చేసే కంపెనీ ఒకటుంది. అందులో ఉదయభాస్కర్ గారి హోదా కాగితం మీద సీనియర్ సిస్టమ్స్ ఆఫీసర్. కాగితం పక్కన పెడితే జమీందారు. ఆయన గదిలోకి చైర్మన్ గారు కూడా చెప్పులు విడిచే వెళ్ళేవారు.

ఆ గదిలో ఉన్నది మెయిన్‌ఫ్రేమ్, కంపెనీ లెక్కలన్నీ మోసే పెద్ద కంప్యూటరు. ఉన్నది అంటే, ఒకప్పుడు ఉండేది. అది హైదరాబాదు తరలిపోయి ఏళ్ళయింది. అద్దాల వెనక ఇప్పుడున్నవి ఒక యూపీఎస్, రెండు ఏసీలు, కాళ్ళు విరిగిన కుర్చీలు. మిషన్ పోయింది గాని చెప్పులు విడిచే ఆచారం పోలేదు. యూపీఎస్‌కి అంత మర్యాద జరిగిన చోటు భూమండలంలో ఇంకొకటి ఉండదు.

అసలు మిషన్ మీద ప్రయోగాలు చేస్తే లారీల వాళ్ళ పాలసీలు తారుమారవుతాయి. అందుకని దానికొక నకలు పెట్టారు. ఎవరు ఏ ప్రోగ్రాం రాసినా ముందు నకలు మీద నడిపి చూసుకోవాలి. నకలు ఒక్కటే, రాసేవాళ్ళు బోలెడుమంది. కనక వంతులు. వంతులిచ్చేది ఉదయభాస్కర్ గారు. లాకు దగ్గర లస్కరు దయతలిస్తేనే కాలవ చివరి పొలానికి నీళ్ళందినట్టు, ఆయన తలూపితేనే ప్రోగ్రాం నడిచేది. వెనకటికి ఒకాయన ప్రోగ్రాంలో ఒక చుక్క మార్చి వంతు కోసం కూచున్నాడట. ఆయనకి పెళ్ళయి, కొడుకు పుట్టి, వాడు బళ్ళో చేరాక వంతొచ్చిందట. ఈలోగా ఆ చుక్క ఎందుకు మార్చాడో మరిచిపోయి, మళ్ళీ తీసేసి ఇంటికి పోయాడట.

ఆ నకలుకి ఇంకో విశేషం ఉంది. దాని కాలెండరులో ఎప్పుడూ గురువారం, దశమి. ఉదయభాస్కర్ గారికి పని నేర్పిన రామ్మూర్తి గారు అష్టమి, నవమి, అమావాస్యల్లో కొత్త ప్రోగ్రాం మొదలుపెట్టకూడదనేవారు. పంచాంగం మనచేతిలో లేకపోయినా మిషన్ తేదీ మనచేతిలోనే ఉంది కదా అని, ఒక మంచి గురువారం చూసి దాన్ని అక్కడే ఆపేశారు. ఆయన తరవాత ఉదయభాస్కర్ గారు ఆ తేదీని వెంట్రుకవాసి కదలనివ్వలేదు. కొత్తగా చేరినవాళ్ళు మెయిన్‌ఫ్రేమ్ అంటేనే అంత, దానికి తేదీ మారదు అనుకున్నారు.

దశమినాడు ఏ ప్రోగ్రామైనా ముద్దొచ్చేలా నడిచేది. కాని బయట లోకంలో నెలాఖరులొస్తాయి. వాయిదాల లెక్క కట్టే ప్రోగ్రాం నెల చివరి రోజు చేరేసరికి మోకాళ్ళ మీద కూలబడేది. ఆఫీసంతా కకావికలు. అప్పుడు భవానీపురంలో ఉదయభాస్కర్ గారింటికి ఫోను వెళ్ళేది; నెలాఖరున ఆయన పిలిస్తే గాని వచ్చేవారు కాదు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుంకం పెట్టుకుని వచ్చి, అందర్నీ బయటికి పంపి, ఏదో టకటకలాడించి దాన్ని లేపేవారు. ఆయన బయటికి రాగానే కాఫీ వచ్చేది. ఆ కాఫీ కోసమే నెలలో మిగతా రోజులు బతికేవారని చెప్పినా తప్పులేదు. రిటైర్మెంటు కనుచూపు మేరలో ఉంది. అందాకా నెలాఖరు రావాలి, ఫోను మోగాలి. అంతకు మించి ఆయన ఏ దేవుణ్ణీ ఏమీ కోరలేదు.

ఇలా ఉండగా కంకిపాడు నుంచి సుస్మిత అనే అమ్మాయి ఉద్యోగానికొచ్చింది. వంతు కోసం ఎదురుచూసి ఎదురుచూసి, ఒకరోజు చెప్పులతోనే గుమ్మం దగ్గర నిలబడింది.

"సార్, ఎవరి లాప్‌టాప్‌లో వాళ్ళకి ఒక నకలు పెట్టేసుకోవచ్చండీ. ప్రోగ్రాం రాయడానికి ఈ పాత పచ్చ తెర కూడా అక్కర్లేదు, అందరూ వాడే మామూలు ఎడిటర్లోనే రాసుకోవచ్చు. పాడైతే పారేసి ఇంకోటి తెచ్చుకోవడమే."

"పారేసి?" ఉదయభాస్కర్ గారు కళ్ళజోడు తీశారు. "మెయిన్‌ఫ్రేమ్‌ని పారేస్తావా? విస్తరాకనుకున్నావటమ్మా?"

"విస్తరాకేనండీ. కడుక్కునే పనుండదు."

"ఎంతకాలమైంది నువ్వు చేరి?"

"వంతుకి కూచున్నాక లెక్కపెట్టడం మానేశానండీ."

మాట చైర్మన్ బసవయ్య గారి దాకా వెళ్ళింది. ఆయన లారీలు తిప్పి పైకొచ్చిన మనిషి. "సోమవారం అందరి ముందూ చూపించమ్మా. బాగుంటే ఆ గది ఖాళీ చేయిద్దాం," అన్నారు.

ఆ మాటకి ఉదయభాస్కర్ గారికి అన్నం సహించలేదు. నకళ్ళు తయారుచేసే పని మాత్రం తానే మీదేసుకున్నారు. ప్రతి లాప్‌టాప్‌లోనూ దశమి పెట్టి, ఏదో ఒకటి పొగలు కక్కకపోతుందా అని ఆశగా కూచున్నారు.

సోమవారం పొగ రాలేదు సరికదా, అందరి ప్రోగ్రాములూ ఒకేసారి నడిచాయి. వంతు లేదు, తలూపడం లేదు. చివరి బెంచీలో ఎవరో ఈల కూడా వేశారు.

బసవయ్య గారు ముందుకు వంగి తెర చూశారు. "అదేంటమ్మా, గురువారమంటుంది?"

"మన మిషన్లో ఎప్పుడూ అదేనండీ."

"మా లారీలకి గురువారమొక్కటే కాదుగా, నెలాఖరూ వస్తది. అది పెట్టు."

ఉదయభాస్కర్ గారు ఎగిరి లేచారు. "అయ్యా! తేదీ కదపకూడదండీ!"

"ఏం?"

"రామ్మూర్తి గారు చెప్పారండీ."

"ఆయనెక్కడున్నారిప్పుడు?"

"కాలం చేశారండీ."

"ఏ తిథి?"

ఉదయభాస్కర్ గారు నసిగారు. "...దశమేనండీ."

"పాపం, దానికీ మంచిరోజే చూసుకున్నారు. పెట్టమ్మా నెలాఖరు."

పెట్టింది. లాప్‌టాపులన్నీ ఒక్కసారిగా కూలబడ్డాయి. తెరల నిండా ఎర్రటి గీతలు. సుస్మిత మొహం పాలిపోయింది. ఉదయభాస్కర్ గారి మొహం మాత్రం పున్నమి చంద్రుడైంది.

"చూశారా అండీ! విస్తరాకులు గాలికి లేచిపోయాయి! జరగమ్మా, జరుగు."

కుర్చీ లాక్కుని, చొక్కా చేతులు మడిచి, టకటకా నాలుగు కొట్టారు. తెర తెల్లబడింది, లెక్క కదిలింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"భలే!" అన్నారు బసవయ్య గారు. "ఎలా పట్టేశారండీ అంత తొందరగా?"

"ప్రతి నెలా చేసేదే కదండీ. మర్నాడు కూడా ఈ నెల్లోనే ఉందనుకుని, లేని తేదీ కోసం వెతుక్కుని పడిపోతుందండీ అది. దాన్ని దాటించేస్తే చాలు."

"అంటే తప్పెక్కడుందో తమరికి తెలుసు."

"అరచేతిలో ఉసిరికాయండీ!"

"మరి ఇన్నేళ్ళూ సరిచెయ్యలేదేం?"

"సరిచేస్తే టెస్టు చెయ్యాలి కదండీ," అన్నారు ఉదయభాస్కర్ గారు, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. "మన టెస్టులో నెలాఖరు రాదు కదండీ."

అన్నాక గాని తానేమన్నారో ఆయనకే వినబడలేదు.

"మా వైపు ఒకడుండేవాడు," అన్నారు బసవయ్య గారు నెమ్మదిగా. "గడ్డివాము తనే అంటించి, ముందుగా బిందెతో తనే పరిగెత్తేవాడు. తమరు అంటించలేదు లెండి. ఆరిపోకుండా మాత్రం చూసుకున్నారు."

సుస్మిత ఆ పూటే తన నకలు మీద ప్రోగ్రాం సరిచేసింది. ఒక నకలు పాడుచేసి పారేసింది, ఇంకోటి తెచ్చుకుంది, అదీ పాడుచేసింది, మూడోదాంతో పనైంది. ఎవర్నీ అడగలేదు. గది భోజనాలకిచ్చేశారు. ఇప్పుడు యూపీఎస్ మీద టిఫిన్ కారియర్లు పెడుతున్నారు, అదీ చెప్పులతో.

నెలాఖరు వచ్చింది. భవానీపురంలో ఉదయభాస్కర్ గారు పొద్దుటే ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుంకం పెట్టుకుని, ఫోను ఎదురుగా పెట్టుకుని కూచున్నారు. మధ్యాహ్నం దాటింది. ఫోను పలకలేదు.

"ఏమండీ, ఇవాళ ఆఫీసు నుంచి పిలుపు రాలేదేవిటి?" అంది భార్య శాంభవి.

"పిలుపెందుకే? ఇప్పుడన్నీ ఇంటినుంచే," అని ఆయన లాప్‌టాప్ తీసుకుని లోపలి గదిలోకెళ్ళి తలుపేసుకున్నారు.

కంపెనీ అందరితో పాటు ఆయనకీ ఒక నకలిచ్చింది. అందులో ఆయన సుస్మిత సరిచేసిన ప్రోగ్రాం పెట్టుకోలేదు. పాతదే అట్టేపెట్టుకున్నారు. తేదీ నెలాఖరుకి తిప్పి నడిపారు. అది మోకాళ్ళ మీద కూలబడింది. ఆయన చేతులు మడిచి, టకటకలాడించి, లేపారు.

నుదురు తుడుచుకుంటూ బయటికొచ్చేసరికి శాంభవి కాఫీ గ్లాసుతో నిలబడి ఉంది. "అయిందా?"

"అయింది. పెద్ద గండమే తప్పింది."

ఆవిడ పిట్టగోడ దగ్గరికెళ్ళి పక్కింటావిడతో, "మావారే లేకపోతే ఈ పూట లారీలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయేవటండీ," అని చెబుతుండగానే లోపల మళ్ళీ తలుపు పడింది. నెలకి ఒక్క ఆఖరే ఉండాలన్న నియమం ఆ నకల్లో లేదు. ఉదయభాస్కర్ గారు ఇంకో నెలాఖరు తెచ్చుకుంటున్నారు.