ఎడ్నా పార్‌ఫిట్ చేతులు

వెంగమాంబ ఇంగ్లీషు సినిమాలన్నీ పప్పు ఉడికేలోపల చూసింది. ఒక సినిమా అంటే ఆమె లెక్కలో మూడు పూటల వంట. ఫోను మిక్సీకి ఆనించి, ఇయర్‌ఫోను ఒక్క చెవిలోనే పెట్టుకుంటుంది. రెండో చెవి ఇంటికి కావాలి. కుక్కరు విజిలుకి, అత్త పిలుపుకి, బడి నుంచి వచ్చే కూతురి అరుపుకి, ముందుగదిలోంచి వచ్చే "వెంగా, టీ" అనే కేకకి.

ముందుగది ఆమె మొగుడు పెంచలప్రసాద్ స్టూడియో. ఆత్మకూరులో ఒకప్పుడు పెళ్ళంటే అతని కెమెరానే. ఫోను లేని చెయ్యి లేకుండా పోయాక గిరాకీ పడిపోయి, యూట్యూబ్‌లో ఒక ఛానెల్ పెట్టాడు. ఇంగ్లీషు సినిమాల కథలు తెలుగులో చెప్పే ఛానెల్. గొంతు అతనిది. మంచి గొంతు, బిందెలోకి వంగి మాట్లాడినట్టు గుమ్మంటుంది. సినిమా చూసేది, అర్థం చేసుకునేది, చెప్పాల్సిందంతా కాగితాల మీద రాసిచ్చేది మాత్రం వెంగమాంబ. "ఉదయగిరిలో బీయే చదివినావు గదా, నీకిదొక పనా?" అన్నాడు మొదట్లో. నిజంగానే అది పని కిందికి రాలేదు. ఎవరైనా అడిగితే ఆమె "ఇంట్లోనే ఉంటాను" అనేది.

పెంచలప్రసాద్ రాసిచ్చింది ముందుగా చదువుకోడు. నేరుగా మైకు ముందు కూర్చుని అందుకుంటాడు. "ముందే చదివితే ఫీలింగ్ చచ్చిపోతాదిమే" అంటాడు. సినిమా మొదలైన కాసేపటికే గురకపెట్టిన మనిషి, మర్నాడు మైకులో "ఈ సినిమా చూసినాక నాకు నిద్ర పట్టలేదు ఫ్రెండ్స్" అంటుంటే వెంగమాంబకి నవ్వొచ్చేది. ఒకసారి ఫోను పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తుకొచ్చాడు. ఎవరో వీడియో కింద రాశారు: 'ఆడోళ్ళ మనసు నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదన్నా.' అతని మొహం పసిపిల్లాడి మొహంలా వెలిగిపోతోంది. వెంగమాంబ చదివి, దోసె తిరగేసి, "నిజమేలే బావా" అంది. కోపం రాలేదు. సోమశిల నుంచి చేపలు వచ్చిన రోజు అందరూ 'ప్రసాద్ ఇంట్లో పులుసు తినాలబ్బా' అంటారు. ప్రసాద్ ఇంట్లో పులుసు ప్రసాద్ చెయ్యడని వాళ్ళకీ తెలుసు. అయినా అట్లాగే అంటారు. ఇదీ అంతే అనుకుంది.

ఆ సినిమాల్లో ఆమెకి ఎడ్నా పార్‌ఫిట్ దొరికింది.

దొరికింది అనడమే సరి. ఎందుకంటే ఆమెను వెతుక్కోవాలి. పోస్టరు మీద ఉండదు, పేర్లలో చివరెక్కడో ఉంటుంది. వంటమనిషి, అద్దింటి యజమానురాలు, ఆస్పత్రిలో ఆయా, హీరో మేనత్త. ఇంగ్లండులో నూలు మిల్లుల ఊరొకటి ఆమెది. వారానికొక కొత్త నాటకం ఆడే చిన్న కంపెనీలో చేరింది. ఒళ్ళు భారీ, మొహం సాదా. అందుకని ఇరవై దాటీ దాటగానే జుట్టుకి పిండి పూసి ముసలి వేషాలిచ్చారు. పిల్లల కోసం మధ్యలో కొన్నేళ్ళు మానేసి, మళ్ళీ వచ్చి, స్టేజి మీద, సినిమాల్లో, టీవీలో ఎనభై ఏళ్ళు దాటేదాకా నటిస్తూనే ఉంది. హీరోయిన్ వేషం ఒక్కటీ రాలేదు. బాధ లేదా అని ఎవరో అడిగితే, "హీరోయిన్ తలుపు ధడాలున వేసి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత గది సర్దేది ఎవరో జనం చూడొద్దా?" అందట.

వెంగమాంబ పక్కన పీట వేసుకుని, అనపకాయలు ఒలుస్తూ, అత్త కామాక్షమ్మ కూడా చూసేది. ఆమె అత్తే కాదు, సొంత మేనత్త. ఇంగ్లీషు ముక్క రాదు. "మనామె వచ్చిందా?" అని అడిగేది. వస్తే చూస్తుంది, లేకపోతే కాయల మీదే కళ్ళు. ఒకరోజు పాత సినిమా ఒకటి నడుస్తోంది. పెద్ద బంగళా. దొర, దొరసాని కుర్చీల్లో కూర్చుని ఆస్తి గురించి వాదించుకుంటున్నారు. ఎడ్నా వెనకాల టీ పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. ఆ ఇంట్లో దాది ఆమె. తన బిడ్డను ఎక్కడో వదిలి వచ్చి దొరల బిడ్డకి పాలిస్తోంది. ఎక్కడో లోపల ఒక బిడ్డ ఏడుపు. ఎడ్నా పళ్ళెం బల్ల మీద పెట్టి, రెండు చేతులూ రొమ్ము మీద అడ్డంగా గట్టిగా అదుముకుంది. అంతే. కెమెరా మళ్ళీ దొర మొహం మీదికి పోయింది.

వెంగమాంబ చేతిలో గరిటె ఆగిపోయింది.

"పాలు చేపుకొచ్చినాయి పాపం," అంది కామాక్షమ్మ, కాయ ఒలుస్తూనే.

ఆ నెలలోనే ఎడ్నా పార్‌ఫిట్ చనిపోయిందని ఫోనులో చిన్న వార్త వచ్చింది. ఆమె గురించి ఒక వీడియో చేద్దామంది వెంగమాంబ. తనంతట తాను ఒకటి కావాలని అడగడం అదే మొదలు.

"ఎవురామె? హీరోయినా?"

"కాదు. దాది, వంటమనిషి, అట్టాంటి వేషాలు."

"వంటమనిషిని ఎవురు చూస్తారుమే?" అన్నాడు. ఆమె మొహం చూసి, మెత్తబడి, "సరేలే, చచ్చిపోయినోళ్ళవైతే జనం చూస్తారు. రాయి," అన్నాడు. అతనిలో ఆమెకి నచ్చేది ఇదే. ఎక్కువసేపు కాదనలేడు.

ఆమె రాస్తుంటే అతను కావలసిన ముక్కలు కత్తిరించి పెట్టుకున్నాడు. దాది సీను దగ్గర ఆపి పిలిచాడు. "ఇదెందుకు? ఇందులో ఏముండాది? మాట లేదు, ఏడుపు లేదు. ఆ దేశంలో చలి గదా, చలేసి చేతులు కట్టుకునింది. తీసెయ్."

"చలి కాదు బావా."

"మరేంది?"

వెంగమాంబ నోరు తెరిచింది. పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి, లేకపోతే గుర్తొచ్చాయనుకుంది. "ఏం లేదులే," అని లోపలికి వెళ్ళింది. అతను ఈల వేసుకుంటూ పనిలో పడ్డాడు.

ఆ మధ్యాహ్నం బట్టలు మడతపెడుతున్నా ఆ 'తీసెయ్' చెవిలోంచి పోలేదు. మైకు దగ్గర మధ్యలో ఆగి, ఆమె వాక్యాలు అతను ఎన్ని తీసెయ్యమనలేదు. 'మరీ లోతుగా ఉండాది, తీసెయ్.' 'ఆడోళ్ళ గోల ఎక్కువైంది, తీసెయ్.' తీసేసింది, కూరలో కరివేపాకు ఏరినట్టు. కానీ ఎడ్నా ఆ సైగని ఎవరూ చెప్పకుండా, కథలో రాసి లేకుండా, తన ఒంట్లోంచి తీసి అక్కడ పెట్టింది. దాన్ని కెమెరా సరిగా చూడలేదు. దొర చూడలేదు. ఇన్నేళ్ళ తర్వాత ఆత్మకూరులో ఇద్దరాడవాళ్ళు చూశారు. ఇప్పుడు దాన్ని చలి అని చెబితే, ఎడ్నా అరవై ఏళ్ళ పాటు నిలబడింది ఎందుకు? అప్పుడు వెంగమాంబకి ఇంకోటి కూడా అర్థమైంది. అతనికి జవాబు చెప్పలేక వంటింట్లోకి వచ్చేసింది పాల కోసం కాదు. ఆ జవాబు చెప్పాలంటే తన సంగతి చెప్పాలి. అంత గొంతున్న ఇంట్లో తన సంగతి తన నోటితో చెప్పిన గుర్తు లేదు.

మడతలు పక్కన పెట్టి, తీసెయ్యమన్న చోటే ఇంకో పేజీ రాసింది. అతను ఇది చదవలేడని తెలుసు. చదివితే చదవనీ, ఆగితే ఆగనీ అనుకుంది.

రికార్డింగు అంటే ఇంట్లో ఫ్యాను తిరగదు, మిక్సీ తిరగదు, గిన్నె చప్పుడు కాకూడదు. గోడలకి ఉదయగిరి నుంచి ఆమె పుట్టింటివాళ్ళు పంపిన బొంతలు వేలాడదీశాడు, గొంతు మోగకుండా. మామూలుగా వెంగమాంబ ఆ సమయంలో వంటింట్లో కదలకుండా కూర్చుంటుంది. ఈసారి లోపలికి వచ్చి తలుపు పక్కన నిలబడింది. గడప మీద కామాక్షమ్మ కూర్చుంది.

"ఏంది, ఇద్దరూ వచ్చినారు?"

"విందామని."

అతను మురిసిపోయి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. నూలు మిల్లుల ఊరు, జుట్టుకి పిండి, తలుపు వేసి వెళ్ళే హీరోయిన్, అన్నీ గుమ్మంటూ వచ్చాయి. బాగా చదివాడు. పేజీ తిప్పాడు.

"అందరూ ఆమెకి చలేసిందనుకుంటారు ఫ్రెండ్స్. చలి కాదు. ఆ సైగ నాకు తెలుసు." ఆ వాక్యం అతనికి నచ్చింది, గొంతు ఇంకా పెంచాడు. "మా ఇంట్లో నిశ్చితార్థం జరుగుతోంది. నా బిడ్డకి మూడో నెల. నేను పంక్తిలో పాయసం వడ్డిస్తున్నాను. లోపలి గదిలో బిడ్డ గుక్కపట్టింది. నాకు పాలు చేపుకొచ్చి..."

గుమ్మన్న గొంతు తుస్సుమంది. ఆగాడు. కళ్ళు మాత్రం కాగితం మీద కిందికి పోతూనే ఉన్నాయి. తర్వాతి మాటలు తనకి తాను చదువుకుంటున్నట్టు, మెల్లగా వచ్చాయి.

"పంక్తి లేచాక పోదువులే అన్నారు పెద్దవాళ్ళు. జాకెట్టు తడుస్తుందని గిన్నె కింద పెట్టి రెండు చేతులూ రొమ్ము మీద అదుముకున్నాను. ఫొటోలు తీస్తున్న ఆయన, చేతులు కిందికి దించు, పొగరుదాని మాదిరి ఉండావు అన్నాడు. దించాను."

పెంచలప్రసాద్ హెడ్‌ఫోను తీసి మెడలో వేసుకున్నాడు.

"మన సుజాత నిశ్చితార్థమా?"

"ఆఁ."

"ఆ మాట నేనన్నానా?"

"నువ్వే బావా."

చెల్లెలి నిశ్చితార్థం ఆల్బం అతను ఎన్నోసార్లు గిరాకీలకి చూపించాడు. అందులో వెంగమాంబ చేతులు దించుకుని, చీర కొంగు నిండా కప్పుకుని, నవ్వుతూ ఉంటుంది. మంచి ఫొటో.

"ఆపినావేందిరా? చదువు," అంది కామాక్షమ్మ గడప మీద నుంచి.

"నేనెట్టా చదివేదిమా? ఆడదాని మాటలు నా నోటితో చెప్తే జనం నవ్వరా?"

వెంగమాంబ మెత్తగానే అంది. "ఇన్నాళ్ళూ నవ్వలేదు గదా."

అతను తలెత్తి ఆమెను చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు ఉదయగిరిలో ఆమె వాటా తాటిముంజె అతను కాజేసి దొరికిపోయినప్పుడు కూడా ఇట్లాగే ఎర్రబడ్డాయి. అప్పుడూ అతని మీద కోపం నిలబెట్టుకోలేకపోయింది. అతను లేచి, కుర్చీ ఆమె వైపు జరిపి, మైకు ఆమె ఎత్తుకి దించాడు. నోటికీ మైకుకీ మధ్య జానెడు ఉండాలని చేత్తో చూపించాడు.

"ఈ పేజీ నువ్వు చెప్పు వెంగా. ముందుది నేను చెప్పినా, వెనకది చెప్తాలే, అతికిస్తా."

వెంగమాంబ కూర్చుని, కాగితాలన్నీ వరసగా సర్ది, మొదటి పేజీ పైన పెట్టింది.

"నువ్వు చెప్పిందంతా తీసెయ్ బావా," అంది. "మొదట్నించీ నేనే చెప్తా."