శుక్రవారం పొయ్యి

చీపురుపల్లి స్టేషన్లో రైళ్ళు ఆగుతాయి, పోతాయి. ఆగిపోయినవాళ్ళు మాత్రం ఎక్కడికీ పోలేరు.

అరవై ఎనిమిదిలో ఊరి పక్కన మాంగనీసు గని ఒకటి మూతపడింది. గనితోపాటు కూలీల గుడిసెలూ లేచిపోయాయి. గూడు పోయింది, గూడ్సు షెడ్డు మిగిలింది. దాని చూరు కిందే సంసారాలు, దాని గోడకే దండేలు.

వీళ్ళకి మధ్యాహ్నం పూట అంబలి కాచి పోసేది ఎలీసమ్మ. మనిషి పొట్టి, గొంతు గట్టి. బాప్టిస్టు గుడి గంట పాడైనప్పుడు ఆవిడ గడపలో నిలబడి "రండర్రా!" అని ఒక్క కేక పెట్టింది. ఆ దెబ్బతో గంట బాగుచేయించే ఆలోచన సంఘం మానుకుంది. భర్త పోయాక ఆవిడకి ఇల్లంటే గుడి పక్కనున్న సంఘంవారి తాటాకు పాకే. ఆస్తంటే అందులోని పొయ్యి, ఆ పొయ్యి మీది దాక.

దాకలోకి గింజలు పిడికిళ్ళతో వచ్చేవి. సంఘంలో ప్రతి ఇల్లాలూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి దేవుడి ముంతలో వేస్తుంది. ఆదివారం ముంతలన్నీ గుడికొస్తాయి. దంపుడు బియ్యం, రేషను నూకలు, చోళ్ళు, గంటెలు అన్నీ ఒకే దాకలో ఉడుకుతాయి. మనుషులు కలవని ఊళ్ళో గింజలైనా కలిశాయి. ఈ లోకంలో తమకి నూకలు చెల్లాయనుకున్నవాళ్ళకి ఎలీసమ్మ దగ్గర నూకలు ఎప్పుడూ చెల్లేవి కావు.

గూడ్సు షెడ్డు కింద ఉండే కూర్మమ్మ అనే ముసలమ్మ రోజూ అంబలికి దణ్ణం పెట్టి, "రామతీర్థం రామసామీ, సల్లగుండు" అని తాగేది. గుళ్ళోవాళ్ళు ఎవరైనా గొణిగితే ఎలీసమ్మ కసిరేది.

"ఆయమ్మ ఆయనకి సెప్పుకుంటాది. మనాయన ఇంటాడు. పెద్దోళ్ళ మజ్జిన మనకేటి?"

చిక్కంతా శుక్రవారంతో వచ్చింది. సంఘ పెద్దలకి ఆరోజు ఉపవాస ప్రార్థన. పొద్దుటినుంచి మధ్యాహ్నం రెండింటిదాకా మంచినీళ్ళు తప్ప ముట్టరు. గుడి కిటికీకీ పాక పొయ్యికీ మధ్య ఒక గేదె పడుకునేంత చోటుంది. అంబలిలోకి నంజుకోడానికి ఎలీసమ్మ ఎండు నెత్తళ్ళ చేపలు కాల్చిందంటే ఆ వాసన కిటికీ దూకి వచ్చి, బాప్తిస్మం లేకుండానే సంఘంలో కలిసిపోయేది. నోట్లో నీళ్ళూరి పెద్దల 'ఆమెన్' కాస్తా 'ఆ మీన్' అయ్యేది.

ఆ శుక్రవారం పొద్దున్నే సంఘ పెద్ద కృపానిధి పాక ముందు ప్రత్యక్షమయ్యాడు. మిషను స్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. పాస్టరుగారు విజయనగరం నుంచి నెలకోసారి వస్తారు గనక మిగతా రోజుల్లో ప్రార్థన ఈయనదే, గుడి తాళమూ పాక తాళమూ ఈయన మొలతాడుకే. పేరులో కృపా ఉంది, నిధీ ఉంది. తాళం మాత్రం తీయడు.

"ఎలీసమ్మా, ఇదే ఆఖరు. వచ్చే శుక్రవారం నుంచి పొయ్యి వెలగకూడదు."

"ఎందుకు, మేష్టరుగారూ?"

"ఆ వాసనతో ప్రార్థన సాగటం లేదు. పెద్దలందరి మాటా ఇది."

"మరి శుక్రోరం ఆళ్ళ కడుపులు కూడా ఉపాసానికి కూకుంటాయేటి?"

"ఎదురు చెప్పకు. కాదని వెలిగిస్తే పాకకి తాళం వేయాల్సొస్తుంది."

గుమ్మంలో కూర్చున్న కూర్మమ్మ మెల్లగా తలెత్తింది. "ఏటమ్మా, మీ దేవుడు శుక్రోరం మాకు సెలవిచ్చీసినాడా?"

ఎలీసమ్మ దాకలోకి చూసింది. అసలే ఆదివారం వచ్చిన గింజలు శుక్రవారానికి అడుగంటుతాయి. ఇవాళ ఉన్నది పోస్తే సగంమందికి సరిపోతుంది. వచ్చేవారం ఆ సగమూ లేదు. ఒక శుక్రవారం ఆరిన పొయ్యి శనివారానికీ ఆరటం నేర్చుకుంటుందని ఆవిడకి తెలుసు.

"ఇవ్వలేదమ్మా. ఇచ్చినా నాను ఒప్పుకోను. కూకో, అంబలి దిగుతాది. నానొచ్చేలోగా పొయ్యి సూసుకుని, నెత్తళ్ళు కాల్సు," అంది. అని కొంగు దులుపుకుని, ప్రార్థనకని గుళ్ళోకి నడిచింది.

కృపానిధి ప్రార్థన మొదలుపెట్టినప్పుడు కోడి పెట్టిన గుడ్డు, ముగిసేసరికి కూతకొస్తుందని ఊళ్ళో ఒక మాట ఉంది. ఆరోజు ఆయన ఆదాము దగ్గర ఎత్తుకుని, ఎర్రసముద్రం దాటి, ఎచ్చెర్ల మీదుగా చీపురుపల్లి చేరేసరికి మధ్యాహ్నమైంది. కిటికీలోంచి నెత్తళ్ళ వాసన వచ్చింది. అది ఆయన ఆకలికి తగిలిందో, మనసుకే తగిలిందో గానీ గొంతు ఒక్కసారిగా లేచింది.

"ప్రభువా! ఈ దినాన మా ఇళ్ళలో మాకోసం వండిన అన్నం మాది కాదు. అది నీ బీదలదే! నీ బీదలదే!"

"ఆమెన్!"

ఆడవాళ్ళ వైపు నుంచి ఎలీసమ్మ కేక. పెంకులు కదిలాయి. సంఘమంతా ఉలిక్కిపడి "ఆమెన్" అంది.

ఆ గుళ్ళో ఒక కట్టుబాటుంది. సంఘం ముందు ప్రార్థనలో నోటంట వచ్చి, సంఘం ఆమెన్ అన్నది మొక్కుబడి. తీర్చి తీరాలి. ఈ కట్టుబాటు పెట్టింది కృపానిధే. సూరయ్య అనే పెద్దమనిషి జబ్బులో మేకపోతుని మొక్కి, లేచి తిరిగాక మరిచిపోతే, మేష్టారు స్వయంగా వెళ్ళి ఆ పోతుని గుడికి తోలుకొచ్చాడు.

ఎలీసమ్మ పక్కకి తిరిగి చూసింది. పక్కన కృపానిధి భార్య జ్ఞానసుందరి.

"ఇన్నావా, వదినా?"

"ఇన్నాను. బేగి లెగు."

వాళ్ళ వెనకే మిగతా పెద్దల భార్యలూ ఒక్కొక్కరే లేచారు. కళ్ళు మూసుకున్న పెద్దలకి కాళ్ళ చప్పుడు పరిశుద్ధాత్మలాగే వినిపించింది.

రెండు కొట్టింది. ఉపవాసం ముగిసింది. కృపానిధి ఇంటికి నడిచాడంటే అబద్ధం, పరిగెత్తాడంటే అమర్యాద. వంటింట్లో కుండలు కడిగి బోర్లించి ఉన్నాయి. ఇల్లాలు లేదు, ఇగురు లేదు. బయటికొస్తే సూరయ్యా, మరో ఇద్దరు పెద్దలూ ఇలాగే ఖాళీ మొహాలతో వీధిలో ఎదురయ్యారు. నలుగురూ వాసన పట్టుకుని తిన్నగా పాక దగ్గర తేలారు.

అక్కడ బారుగా విస్తళ్ళు. గూడ్సు షెడ్డు సంసారాలన్నీ బంతికి కూర్చున్నాయి. జ్ఞానసుందరి వడ్డిస్తోంది. పొద్దున్న తనకోసం ఆమె ఆవపెట్టి వండిన పనసపొట్టు కూర తనకి కాకుండా పోవడం కృపానిధి కళ్ళారా చూశాడు.

"ఏమిటే ఇది?"

"మీ మొక్కేనండీ. తీర్చీసినాం."

"నేను... అది ప్రార్థనలో అన్నమాట..."

"పార్థనలో అన్నది ఉత్తుత్తినే అన్నారేటి?"

సూరయ్య మీసం కింద నవ్వాడు. తన విస్తరి పోతే పోయింది, ఈ మాట అనకపోతే అరగదు.

"మేష్టారూ, నా మేకపోతుకొక న్యాయం, మీ పనసకొక న్యాయమా?"

కృపానిధి మొహం మీదికి హెడ్మాస్టరు వచ్చాడు. కూర్మమ్మ ఆ మొహం చూడలేదు, ఖాళీ పొట్టనే చూసింది. పక్కకి జరిగి చోటు తుడిచింది.

"కూకో, బాబూ. పొద్దున్నుంచి తిండి నేదట గదా. మాకైతే అలవాటు. నీకు కొత్త."

ఆయన పంచె సర్దుకుని, ముసలమ్మ పక్కన బాసింపట్టు వేశాడు. ఎలీసమ్మ విస్తరి వేసి, అందరికీ వడ్డించిన గరిటెతోనే వడ్డించింది.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. బంతి బంతంతా బెదిరి, ముద్దలు నోటిదాకా తెచ్చి ఆపింది.

"ప్రభువా, ఇచ్చావు. తింటున్నాం. ఆమెన్."

అంత పొట్టి ప్రార్థన ఆ ఊరు ఎరగదు. ఎలీసమ్మంతటిది ఆమెన్ అనటం మరిచిపోయింది.

ఎదురుగా గంగులు, గనిలో పలుగు పట్టినవాడు, వేళ్ళు నాకుతూ అడిగాడు.

"ఈ కూర ఎవులింటిది, బాబూ?"

"మాదేరా."

"ఉపాసం వారానికి ఒక్కరోజేనా, బాబూ? సాలదేమో."

ముందు సూరయ్య నవ్వాడు. తరవాత కృపానిధి నవ్వాడు. నవ్వీ నవ్వీ ఆవ ముక్కుకెక్కి దగ్గాడు.

ఎలీసమ్మ గరిటె నడుముకి ఆనించి నిలబడింది. "మేష్టరుగారూ, మరి వచ్చే శుక్రోరం పొయ్యి మాటేటి?"

"వెలిగించు."

"వాసనొస్తాది."

"రానీ. వాసనకి పడిపోయే ఉపవాసం మా ఉపవాసమే కాదు. శుక్రవారం మా అన్నాలు ఇక్కడికే వస్తాయి. మేమూ ఇక్కడికే వస్తాం." పాక తాళంచెవి విప్పబోయాడు. వేళ్ళనిండా ఆవ, ముడి జారటం లేదు. జ్ఞానసుందరి వంగి ముడి విప్పి, తాళంచెవిని ఎలీసమ్మ కొంగుకి కట్టింది.

కూర్మమ్మ విస్తరి మడిచి, రెండు చేతులూ పైకెత్తింది. "రామతీర్థం రామసామీ, ఈ మేష్టరుబాబు కడుపు సల్లగుండాల."

కృపానిధి దిద్దబోయి నోరు తెరిచాడు. తెరిచిన నోట్లో పనసపొట్టు ముద్ద పెట్టుకున్నాడు.