దిగి నడిపించే చోటు

ఆ ఇంట్లో సాయంత్రం పాలు పొయ్యి మీద పెట్టడానికి గడియారంతో పనిలేదు. పళ్ళ డాక్టరు క్లినిక్‌లో పనిచేసే చిన్నది సైకిలెక్కే ముందు ఇంటికి ఒక్క రింగిచ్చి పెట్టేస్తుంది. తల్లి పాలగిన్నె సన్నని సెగ మీదికి ఎక్కిస్తుంది. పాలు పొంగుకొచ్చే వేళకి కింద గేటు గడియ చప్పుడవుతుంది. పిల్ల మెట్లెక్కేసరికి టీ కప్పులో ఉంటుంది. ఈ లెక్కలో పిల్ల సైకిలు తొక్కే దారే కాదు, దిగి నడిచే దారి కూడా కలిసి ఉంది.

దిగి నడవడం ఎందుకంటే, కార్పొరేషన్ వారు పార్కు నుంచి రైలు వంతెన దాకా రోడ్డు పక్కన పచ్చరంగు పూసి సైకిళ్ళకి దారి వేశారు. వంతెన అవతల్నుంచి బజారు దాకా మళ్ళీ వేశారు. వంతెన కింద మాత్రం వెయ్యలేదు. అక్కడే రోడ్డు మెలి తిరుగుతుంది, అక్కడే బస్సులు డిపోలోకి మళ్ళుతాయి. పచ్చరంగు అయిపోయిన చోటు నుంచి మళ్ళీ మొదలయ్యే చోటు దాకా సైకిలు మనిషి ఏమవ్వాలో దేవుడికీ ఇంజనీరుకీ తెలియాలి. దేవుడు చెప్పడు, ఇంజనీరు ఫోనెత్తడు.

ఆ చోటుకి చిన్నదే పేరు పెట్టింది, 'ఊడిన పన్ను' అని. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక బస్సు ఆమె సైకిలు బుట్టని రాసుకుంటూ వెళ్ళింది. బుట్ట సొట్టపోయింది, పిల్ల మిగిలింది. ఆ రాత్రే తల్లి శాసనం వెలువడింది: "పన్ను దగ్గర దిగు. నడిపించుకుంటూ రా. ఎవడు నవ్వినా సరే." తల్లి మాట పెడచెవిన పెట్టడంలో అందె వేసిన చెయ్యయిన చిన్నది, ఈ ఒక్క మాటా వింది.

తల్లిని ఇంట్లో 'సెక్రటరీ గారు' అంటారు. ఆవిడ ఏ సంఘానికీ సెక్రటరీ కాదు. కాలేజీలో చదివిన రాజనీతి శాస్త్రాన్ని ఇన్నేళ్ళూ కూరగాయల బేరంలోనూ ఆడపడుచులతోనూ వాడుకుంటూ వచ్చింది. బుట్ట సొట్టపోయాక మాత్రం దాన్ని మొదటిసారి ప్రభుత్వం మీదికి తిప్పింది. వెంట వీధిచివర టైలరమ్మ. టైలరమ్మ కొడుకూ ఆ దారినే ట్యూషన్‌కి వెళ్తాడు.

ఇంజనీరు గారు కోపిష్టి కాదు, అదే చిక్కు. కోప్పడేవాడితో పోట్లాడొచ్చు. ఈయన కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించి, గోడ మీది మ్యాపు దగ్గరికి తీసుకెళ్ళేవాడు. ఆకుపచ్చ గీత ఊరంతా పాకి, వంతెన దగ్గర మాత్రం చుక్కలు చుక్కలుగా ఉండేది.

"చూశారా, మర్చిపోలేదు. ప్రతిపాదనలో ఉంది," అన్నాడు.

"ఎప్పట్నుంచి సార్?" అంది టైలరమ్మ.

"నేను రాక ముందు నుంచీ. అయితే మేడమ్, అక్కడ ఇంతదాకా ఒక్క ప్రమాదం కూడా రికార్డు కాలేదు. నిధులు ముందు ప్రమాదాలు జరిగిన చోటుకి వెళ్తాయి."

"అంటే ముందు ఎవరో ఒకరు పోవాలి."

"అలా అనకండి మేడమ్."

"లేదండీ, అడుగుతున్నాను. ఎవరింట్లోంచి అయితే మీకు సౌకర్యం?"

ఇంజనీరు నవ్వలేదు. మరో గ్లాసు నీళ్ళు తెప్పించాడు.

అలా ఆ ఆఫీసులో ఎండాకాలమంతా నీళ్ళు తాగాక, వాళ్ళకి విసుగొచ్చింది. అపార్టుమెంటు ప్రహరీకి వెయ్యగా మిగిలిన తెల్లరంగు డబ్బాలు మెట్ల కింద మూలుగుతున్నాయి. పచ్చరంగు దొరక్కపోతేనేం, తెల్లగీత గీత కాదా అనుకున్నారు.

"ఏవండీ, మనమే గీసేద్దామనుకుంటున్నాం," అని భర్తతో అంది సెక్రటరీ.

ఆయన బళ్ళ ఇన్సూరెన్సు సర్వేయరు. నుజ్జయిన బళ్ళ చుట్టూ తిరిగి నష్టం ఎంతో రాయడం ఆయన వృత్తి. ఇంట్లో ఆ కబుర్లు ఎత్తడు. ఆ రోజు మాత్రం అన్నం కలుపుతూ, "గీయండి. నేను చూసే బళ్ళు కూడా ముప్పాతిక మువ్వీసం గీతల మధ్యనే పడి ఉంటాయి," అన్నాడు.

"తినేటప్పుడు మంచి మాట రాదు మీ నోట," అంది ఆవిడ. అక్కడితో ఆ మాట చింతకాయ పచ్చడి కింద కలిసిపోయింది.

ఆదివారం తెల్లవారగానే, బస్సులు పల్చగా ఉన్న వేళ, ఇద్దరూ వంతెన కిందికి చేరారు. ముందు టైలరమ్మ రోడ్డు మీద సుద్దతో గుర్తు పెట్టింది. మలుపు దగ్గర వంగి, ఒక కన్ను మూసి, చూసింది.

"ఇక్కడ కోణంగా తిప్పితే పట్టేస్తుంది వదినా. చంక వంపు తీసినట్టు తియ్యాలి. చెయ్యి ఎత్తినా దించినా బట్ట లాగకూడదు."

అలాగే తీసింది. ఎంత నున్నగా వచ్చిందంటే, అటు పచ్చదారి చివరా ఇటు పచ్చదారి మొదలూ ఒకే గుడ్డలోంచి కత్తిరించినట్టు కలిసిపోయాయి. సెక్రటరీ రంగు పూసింది. మధ్యలో ఒక సైకిలు బొమ్మ కూడా వేసింది. బొమ్మ మేకలా వచ్చిందని టైలరమ్మ అంది. మేకైతే మేక, దారి దొరికింది కదా అనుకున్నారు. ఇంటికొచ్చి మోచేతుల దాకా కిరసనాయిలు పోసి కడుక్కుంటూ, చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు.

మర్నాడు సాయంత్రం రింగు వచ్చింది. పాలు పొయ్యెక్కాయి. గిన్నె అంచున ఇంకా బుడగైనా రాలేదు, గేటు గడియ చప్పుడైంది.

"ఇవాళ ఇంత తొందరగా వచ్చావేం?"

"గీత ఉందిగా. దిగలేదు," అంది చిన్నది, చెప్పులు విప్పుతూ. "భలే గీశారమ్మా. ఎవరూ దిగట్లేదు. చూసుకోకుండా జుయ్యిమని వచ్చెయ్యొచ్చు."

సెక్రటరీ పాలగిన్నె వైపు చూస్తూ నిలబడింది. అందులో పాలు తొణకకుండా, తెల్లగా, నున్నగా ఉన్నాయి.

"రేపట్నుంచి మళ్ళీ దిగు."

"మరి గీసిందెందుకు?"

దానికి ఆవిడ దగ్గర జవాబు లేదు. తన మాటకి తనే ఎదురు చెప్పాల్సి వచ్చిన మనిషి మాట ఇంట్లో ఎవరు వింటారు? చిన్నది వినలేదు. రోజూ పాలు కాగక ముందే వచ్చేస్తోంది.

కొన్నాళ్ళకి ఇంజనీరు గారే ఫోన్ చేశాడు. రోడ్డు మీద రాతలు రాసినందుకు చివాట్లు పెడతాడేమో, ఆ వంకన గీత చెరిపిస్తాడేమో అని సెక్రటరీ ఆశగా వెళ్ళింది. ఆయన లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. గోడ మీది మ్యాపులో వంతెన దగ్గర చుక్కలు లేవు. ఆకుపచ్చ గీత నిండుగా సాగిపోతోంది.

"పౌరులంటే మీలా ఉండాలి మేడమ్. పైవాళ్ళకి ఫొటోలు పంపాను. దారి పూర్తయింది."

"దారి ఎక్కడ పూర్తయింది సార్, రంగు పూర్తయింది. అక్కడ గట్టు కావాలి, స్తంభాలు పాతాలి, బస్సు మలుపు మార్చాలి."

"కలవని చోటని మీరే అన్నారు. కలిసింది. ఇంక ఆ పనికి నిధులెలా అడగను?"

"అయితే ఆ గీత మేమే చెరిపేస్తాం."

ఇంజనీరు ముఖం మొదటిసారి గంభీరమైంది. "అది ఇప్పుడు కార్పొరేషన్ ఆస్తి మేడమ్. చెరిపితే కేసవుతుంది."

నీళ్ళ గ్లాసు వచ్చింది. ఆవిడ ముట్టుకోలేదు.

తిరుగు దారిలో ఆవిడ డిపో బస్సెక్కింది. ముందు వరసలోనే, ఎడంపక్క కిటికీ దగ్గర సీటు దొరికింది. వంతెన దగ్గర పడుతుండగా ముందు ఒక సైకిలు కనబడింది. ఎవరో పెద్దమనిషి, హ్యాండిలుకి సంచి తగిలించుకుని, తెల్లగీత లోపల బుద్ధిగా తొక్కుకుంటూ పోతున్నాడు. బస్సు ఆయన పక్కకి వచ్చింది. కిటికీలోంచి ముందు ఆయన చక్రాలు మాయమయ్యాయి, తర్వాత సంచి, తర్వాత భుజాలు. బస్సు మలుపు తిరుగుతుంటే బట్టతల ఒక్కటి కాసేపు కిటికీ అంచున తేలి, అదీ మునిగిపోయింది. ఆవిడ సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకుంది. బస్సు వెనకభాగం మెల్లగా ఆ గీత మీదికి ఒరిగింది.

ఏ చప్పుడూ రాలేదు. డిపో గేటులోకి తిరిగాక వెనక అద్దంలో పెద్దమనిషి మళ్ళీ కనబడ్డాడు, ఏమీ ఎరగనట్టు తొక్కుకుంటూ.

"కొంచెం మెల్లగా తిప్పకూడదా బాబూ ఇక్కడ?" అంది ఆవిడ.

"ఇదివరకు మెల్లగానే తిప్పేవాణ్ణండి," అన్నాడు డ్రైవరు. "ఎవడు ఎటు నుంచి వస్తాడో తెలీక హడలి చచ్చేవాళ్ళం. ఇప్పుడు గీత పడిందిగా. వాళ్ళ దారిలో వాళ్ళు, మా దారిలో మేం. ఎవరేశారో గానీ పుణ్యాత్ములు."

పుణ్యాత్మురాలు బస్సు దిగి, నేరుగా టైలరమ్మ కొట్టుకి వెళ్ళి, కుట్టుమిషను ముందు స్టూలు మీద కూలబడింది. విషయం చెప్పింది. టైలరమ్మ పెడలు మీది కాలు తీసేసింది.

"చెప్తే ఆఫీసు వాళ్ళు నమ్మరు వదినా," అంది టైలరమ్మ. "మన పిల్లలే నమ్మలేదు."

సెక్రటరీ చూపు కొట్టు మూలకి మళ్ళింది. అక్కడ కుట్టిన బట్టలు తొడిగి చూసే బొమ్మ ఉంది. తల లేదు. నడుం కింద ఒంటికాలి ఇనప స్టాండు.

"దీని ఎత్తెంత?"

"మన చిన్నది సైకిలు మీద కూర్చుంటే ఎంతో అంత. దాని కొలతలకే సరిచేసి ఉంచా," అంది టైలరమ్మ. అన్నాక ఆ మాట తనకే నచ్చలేదు.

మర్నాడు మధ్యాహ్నం, మబ్బు పట్టి ఉంది. బొమ్మకి చిన్నదాని పసుపుపచ్చ రెయిన్‌కోటు తొడిగారు. దూరం నుంచి బాగా కనబడాలని అదే ఎంచుకుంది తల్లి. మలుపు దగ్గర తెల్లగీత లోపల, అంచుకి దగ్గరగా, బొమ్మని నిలబెట్టారు. గీత దాటి ఒక్క అంగుళం బయటికి లేదు. సైకిళ్ళ వాళ్ళని దింపి పక్కనించి పంపడానికి టైలరమ్మ అటు నిలబడింది. సెక్రటరీ ఫుట్‌పాత్ మీద ఫోన్ పట్టుకుని నిలబడింది, వీడియో తీద్దామని.

"బస్సు ఆగితే?" అంది టైలరమ్మ.

"ఆగితే మనిద్దరం పిచ్చివాళ్ళం. అంతకంటే కావలసిందేముంది?"

బస్సు వచ్చింది. ముందు చక్రం గీతకి చాలా దూరంగా వెళ్ళింది. హమ్మయ్య అనుకుంది ఆవిడ. తర్వాత బస్సు నడుం వంపులోకి జరిగింది. పసుపుపచ్చ భుజం రేకుకి తగిలి, బొమ్మ ఒక్కసారి వెనక్కి తిరిగి, ఎవరో పిలిస్తే చూసినట్టు చూసింది. తల లేకపోయినా చూసినట్టే ఉంది. వెనక చక్రం దాని మీంచి వెళ్ళింది. కొబ్బరిచిప్ప పగిలినంత చప్పుడు, అంతే. బస్సు ఆగలేదు. తిరిగినంత నిదానంగా తిరిగి డిపోలోకి వెళ్ళిపోయింది.

సెక్రటరీ ఫోన్ చూసుకుంది. బొటనవేలు నొక్కాల్సిన చోట నొక్కలేదు. వీడియో లేదు.

మిగిలింది బొమ్మే. ఇద్దరూ ఏరుకుని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని ఆఫీసుకి తీసుకెళ్ళారు. ఆటోవాడు అద్దంలో రెండుసార్లు చూశాడు. ఇంజనీరు గారు ఎప్పట్లాగే కుర్చీ చూపించాడు. సెక్రటరీ ఆ కుర్చీలో బొమ్మని పడుకోబెట్టింది. రెయిన్‌కోటు మీద టైరు అచ్చు గుండె నుంచి నడుం దాకా చక్కగా, కుట్టు వేసినట్టు పడి ఉంది.

"ఒకటి జరిగింది సార్. రికార్డు చేసుకోండి."

ఆయన వంగి టైరు అచ్చు చూశాడు. "ఈ కోటు ఎవరిది మేడమ్?"

"మా అమ్మాయిది."

మంచినీళ్ళ కోసం గంట మీదికి వెళ్ళిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. "కానీ ఇది... మనిషి కాదు కదండీ," అన్నాడు మెల్లగా.

"ఇంకా కాదు," అంది ఆవిడ.

ఆయన మ్యాపు వైపు తిరిగాడు. రేపు వచ్చి చూస్తానన్నాడు. రేపు అన్న మాట ఆ గదిలో ఎన్నిసార్లు వినబడిందో ఆ గోడలకే తెలియాలి. బొమ్మని కుర్చీలోనే వదిలేసి ఇద్దరూ బయటికొచ్చారు. వాన మొదలైంది.

ఇల్లు చేరి తడి చీర మార్చుకునేలోగా రింగు వచ్చింది. పాలు పొయ్యి మీద పెట్టింది. ఇన్నాళ్ళూ పిల్ల తొందరగా వస్తే గుండె జారేది, ఒక్కరోజైనా ఆలస్యమైతే దిగి నడిచిందని నిమ్మళిద్దామని చూసేది. ఇవాళ ఆలస్యమంటే ఏమిటో ఆవిడకి తెలియడం లేదు. పాలు పొంగుకొచ్చాయి. సెగ తగ్గించింది. అణిగాయి. గేటు చప్పుడు లేదు. మళ్ళీ పొంగాయి. స్టవ్ ఆపేసి, కిటికీ తెరిచి, వానలోకి చెవి పెట్టి నిలబడింది. భర్త పేపరు దించి ఆవిడ వీపు వైపు చూశాడు.

గడియ చప్పుడైంది.

చిన్నది నీళ్ళోడుతూ లోపలికొచ్చింది. చేతిలో ఏదో పసుపుపచ్చగా ఉంది. దాన్ని టేబులు మీద పరిచింది. రెయిన్‌కోటు చెయ్యి, భుజం దగ్గర తెగిపోయినది. మడమల దాకా తడిసి నిలబడి, దాని వైపే చూస్తూ అంది:

"గీత మీద పడి ఉందమ్మా. నాదేనని గుర్తుపట్టా. దిగి నడిపించుకుంటూ వచ్చా."

తల్లి తువ్వాలు అందించింది. పిల్ల తుడుచుకోలేదు.

"నా వెనకాల ఇద్దరు వచ్చారు. ఆగండని చెయ్యి ఊపా. గీత ఉందిగా అని బెల్లు కొట్టి వెళ్ళిపోయారు."

బయట, వానలో, వంతెన వైపు వెళ్తూ మరో సైకిలు బెల్లు మోగింది.