ఎడమ వైపు తిరగవలెను

మా ఆయన మంచివారే. కాకపోతే పొయ్యి మీంచి గిన్నె దించుతున్నా వెనకాల నిలబడి “నెమ్మది, పక్కన గోడుంది” అని చెప్పే రకం. ఆ గోడ పదిహేనేళ్ళుగా అక్కడే ఉంది. సర్వే ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగం ఆయనది. ఇంటికొచ్చాక గీయడానికి నేను దొరికాను.

ఆయనకి బదిలీ అయింది. ఒకసారి వెళ్ళి కొత్త ఇల్లు చూసొచ్చారు. ఇప్పుడు సామాను లారీతో మళ్ళీ బయల్దేరారు. మిగిలింది నేనూ, నా పాత కారూ.

“అమ్మేద్దాం,” అన్నారు. “అయిదొందల కిలోమీటర్లు ఒక్కదానివే నడపలేవు.”

“నడుపుతాను.”

“కూరగాయల బజారుకి వెళ్ళడం వేరు.”

“వెళ్ళడమే కాదండీ, తిరిగి కూడా వస్తున్నాను.”

పందెం వేశారు. దారిలో ఒక్కసారి ఫోన్ చేసి దారడిగినా కారు అమ్మకమే. ఫోన్‌లో పటం చూసుకున్నా అడిగినట్టే లెక్క. సరేనన్నాను. ఆ తాళం నా దగ్గరున్నంత కాలం “ఎప్పుడు తీసుకెళ్తారు?” అని ఎవర్నీ బతిమాలక్కర్లేదు. అది పోతే మళ్ళీ మొదలు.

వెళ్తూ వెళ్తూ చేతిలో ఒక కాగితం పెట్టారు. “నీళ్ళ ట్యాంకు వద్ద ఎడమ వైపు తిరగవలెను.” అంతా ఇదే వరస. ‘వలెను’ లేకుండా ఆయన ఉప్పు కూడా అడగరు.

మర్నాడు తెల్లారగానే బయల్దేరాను. పగులుతుందని లారీవాళ్ళు వద్దన్న నిలువుటద్దం వెనక సీట్లో దుప్పటి కప్పుకుని పడుకుంది. మొదటి మూడొందల కిలోమీటర్లు ఒకటే రోడ్డు. లారీల్ని దాటాను. నన్ను దాటినవాళ్ళని పెద్దమనసుతో క్షమించాను.

ట్యాంకుకి ముందు కుడి పక్కన బడి ఉంటుందని కాగితంలో ఉంది. నాకు ఎడమ పక్కన కనిపించింది. బడినే మార్చారేమో అనుకున్నాను. ఆయన పొరబడ్డారనుకోవడం కన్నా బడి నడిచిందనుకోవడమే తేలిక.

ట్యాంకు దగ్గర ఎడమకి తిరిగాను. రోడ్డు సన్నబడి, మట్టిదారై, ఒక రాళ్ళ క్వారీ గేటు ముందు చేతులెత్తేసింది. కాపలా ఆయన కుర్చీలోంచి లేవకుండానే అడిగాడు.

“దారి తప్పారా అమ్మా?”

“నేను తప్పలేదు. దారే తప్పింది.”

“లోపల ఫోనుంది. ఇంట్లోవాళ్ళకి చేసుకోండి.”

“ఇంట్లోవాళ్ళే ఇక్కడికి పంపించారు,” అని కాగితం ఇచ్చాను.

తిప్పి తిప్పి చూశాడు. “బడి కుడి పక్కనా? అటునుంచి వస్తేనే కుడి. రాసినాయన తిరిగొస్తూ రాసుకున్నట్టున్నాడు.”

అప్పుడు వెలిగింది. ఇల్లు చూసి వస్తూ రాసుకున్నారు. సాఫు ప్రతి తీసేటప్పుడు వరస తిరగేశారు గానీ, కుడిఎడమలు మార్చడం మరిచారు.

“ఫోన్ చేసేస్తే ఓ పనైపోతుంది కదమ్మా.”

“కారు కూడా అయిపోతుంది. బండి తిప్పుకోవాలి, ఆ గేటు కాస్త తీయండి.”

తీశాడు. ఒక్క విడతలో తిప్పాను. ఇక అక్కణ్ణించి ఎడమంటే కుడికి, కుడంటే ఎడమకి. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన మాటకి ఇంత శ్రద్ధగా ఎదురు నడిచిందీ లేదు, ఇంత తిన్నగా చేరిందీ లేదు.

సాయంత్రం నాలుగింటికి కొత్త ఇంటి ముందు ఆపాను. కూలీలు సామాను దించుతున్నారు. ఆయన గేటు దగ్గరే ఉన్నారు, మొహం వాడిపోయి.

“రెండు గంటలు ఆలస్యం. ఒక్క ఫోనైనా చెయ్యలేదే?”

“దారి తెలిసినవాళ్ళకి ఫోనెందుకండీ?” కాగితం చేతికిచ్చాను. “ట్యాంకు దగ్గర ఏ వైపు తిరగాలి?”

“ఎడమ వైపు. రాశాను కదా.”

“వెళ్తూనా, వస్తూనా?”

ఆయన కళ్ళు మూసుకున్నారు. రెండు చేతులూ గాల్లో చాపి, నిలబడ్డచోటే మెల్లగా వెనక్కి తిరిగారు. బీరువా మోస్తున్న నలుగురూ దాన్ని దించి చూస్తూ నిలబడ్డారు.

“బీరువా ఎక్కడ పెట్టమంటారు సార్?” అన్నాడు మేస్త్రీ.

“ఆవిడనడుగు,” అన్నారు ఆయన ఇంకా అటే తిరిగి. తర్వాత గొంతు సవరించుకుని, నలుగురికీ వినబడేలాగే అన్నారు. “తప్పు రాసింది నేను. నడపలేవన్నదీ తప్పే.”