అరిటాకుల మీద ఇంజను

మా బావమరిది యలమంద నా డీజిలు ఇంజనును గేదెకు మేతగా వేశాడు. ఇందులో రెండో మాట లేదు.

కొల్లూరు దగ్గర కృష్ణా నది లంకలో నాకు అరటితోట ఉంది. 2004 ఎండాకాలంలో, గెలల్లో కాయ పట్టే సమయాన, ఏటి నీళ్ళు తోడే ఇంజను మొండికేసింది. హ్యాండిల్ తిప్పితే చేతికి బరువే తగలడం లేదు. ఇంకో వారం తడి అందకపోతే కాయ చిక్కిపోతుంది. ఆ ఏడు నాకు వేరే పంట లేదు.

తెనాలి మెకానిక్ ఇమ్తియాజ్‌కు ఫోను చేశాను.

"పిస్టన్ రింగులు అరిగిపోయుంటాయి బాబాయ్. ఇంజను షెడ్డుకి పట్టుకొచ్చెయ్యండి. ఇసకలో మాత్రం ఇప్పొద్దండి."

ఇంజనును నలుగురు మొయ్యాలి. పడవ దాటించాలి. అక్కణ్ణుంచి ఆటో. ఇదంతా యలమంద విన్నాడు. నా భార్య పోయింది. ఆవిడ తమ్ముడు మాత్రం రోజూ వస్తాడు.

"ఎందుకు బావా అంత తిప్పలు? మనమే ఇప్పుదాం. ఇప్పింది ఇప్పినట్టు వరసగా పెట్టుకుంటే, చివర్నుంచి బిగించుకుంటా రావటమేగా. రింగులు నేను తెస్తాగా."

"ఎప్పుడన్నా ఇప్పావా?"

"పెళ్ళిళ్ళలో వెయ్యి మందికి వడ్డించాను. వరస తప్పానా?"

సరేనన్నాను. తోటలో ఆకులు కోసి, భోజనాల బంతి వేసినట్టు ఇసుక మీద పరిచాడు. మొదటి ఆకులో నట్లు, రెండో ఆకులో హెడ్డు, అలా చివరి ఆకులో పిస్టను. చూడటానికి బాగానే ఉంది. అన్నం తినడానికి పాకలోకి వెళ్ళాం.

తిరిగొచ్చేసరికి పక్క తోట పుల్లమ్మ గేదె చివరి ఆకు నములుతోంది. ఆకులన్నీ లాగి తినేసింది. ఇంజను సామానంతా ఇసుకలో కలగాపులగమైంది.

"నీ గేదె చూడు, ఏం చేసిందో!" అన్నాను.

"అరిటాకేసి పిలిస్తే తినకేం చేస్తదయ్యా?" అంది పుల్లమ్మ. "లోపలికేమన్నా నట్టు పోయిందంటే మాత్రం మీ ఇద్దర్నీ ఊరుకోను!"

యలమంద గేదె పొట్టకు చెవి ఆనించి విన్నాడు. "చప్పుడేం లేదక్కా," అన్నాడు.

సామాను గోనెసంచిలో పోసుకుని ఇద్దరం తెనాలి వెళ్ళాం. ఇమ్తియాజ్ సంచి మూతి విప్పి, లోపలికి చూసి, మా మొహాలు చూశాడు.

"ఇంజను తెమ్మన్నాను బాబాయ్. కూరగాయలు కాదు."

షెడ్డులో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

"తోట ఎండిపోతోంది," అన్నాను.

ఇంజను ఒళ్ళు లంకలోనే ఉంది కాబట్టి అతనే రావాల్సి వచ్చింది. మర్నాడు పడవ దిగుతూనే, "ఆకులు ముందు దాచండి, గేదె చూస్తోంది," అన్నాడు. ప్రతి ముక్కా డీజిల్లో కడిగి, కొత్త రింగులు వేసి, తక్కువైన నట్టుకు బదులు తన డబ్బాలోంచి ఒకటి తీసి బిగించాడు. పొద్దు వాలేలోపు ఇంజను దడదడలాడింది. నీళ్ళు కాలవలోకి దూకి అరటి మొదళ్ళ దాకా పాకాయి. పుల్లమ్మ కూడా చప్పట్లు కొట్టింది. యలమంద బట్టలతోనే కాలవలో కూర్చున్నాడు.

ఆ ఏడు గెలలు బరువుగానే దిగాయి. ఆకులు పరచమన్నది నేనేనని యలమంద ఇప్పటికీ కొల్లూరు టీకొట్టులో చెప్పి అందర్నీ నవ్విస్తున్నాడట. ఆకులు నా తోటవి. అంతే. ఇకమీద ఈ సంగతి నేనెత్తను. ఎవరడిగినా చెప్పను.